యూనివర్సిటీ వల్ల మన ప్రాంతానికి ఎంత ఒరిగింది? లెక్క తీసే పద్ధతి

నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. కొన్నేళ్ల కిందట మా వైపు ఒక విద్యాసంస్థవాళ్లు పిలిచి, తమ వల్ల చుట్టుపక్కల ఎంత ఆదాయం పెరిగిందో లెక్క తీసి పెట్టమన్నారు. క్లాసులో పిల్లల్ని వేసుకుని ఉత్సాహంగా దిగాం. నెల తిరిగేసరికి రిపోర్టు తయారైంది. గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కాపీలు తీయిస్తుంటే, షాపాయన మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి ఆగిపోయాడు. "మాస్టారూ, ఇన్ని కోట్లు మన వీధిలో తిరిగాయంటారా? మరి నేనింకా ఈ పాత మిషనుకే వాయిదాలు కడుతున్నానేంటండీ?" అన్నాడు.

నవ్వేసి వచ్చేశాను గానీ ఆ రాత్రి కాగితాలన్నీ మళ్లీ ముందేసుకున్నాను. మెస్ డబ్బు రెండుసార్లు కలిపేశాం. ఎదురింటి కుర్రాడు రోజూ సైకిల్ మీద వచ్చి చదువుకుని పోతుంటే, వాడి టిఫిను ఖర్చు కూడా కాలేజీ పుణ్యమే అని రాసేశాం. ఆ తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతి ఇది. మీరు లెక్చరరైనా, పీజీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి అయినా, మున్సిపాలిటీకో చాంబర్ ఆఫ్ కామర్స్‌కో నోట్ రాయాల్సినవారైనా పనికొస్తుంది. ఒక ఎక్సెల్ షీటు, ఓపికగా తిరిగే నలుగురు పిల్లలు ఉంటే చాలు.

ముందు ప్రశ్న సరిగ్గా రాసుకోండి

"యూనివర్సిటీ చుట్టూ ఎంత డబ్బు తిరుగుతోంది?" ఇది ఒక ప్రశ్న. "యూనివర్సిటీ లేకపోతే ఈ ప్రాంతంలో ఏ ఆదాయం ఉండేది కాదు?" ఇది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు సులువు, అంకె కూడా ఘనంగా వస్తుంది. కానీ అడిగినవాళ్లకు కావలసింది ఎప్పుడూ రెండోదే, వాళ్లకు ఆ సంగతి తెలియకపోయినా సరే.

డెల్టా రైతుకు ఈ తేడా విప్పి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర తూములెత్తి ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఒక లెక్క. లాకులు, తూములు, పిల్ల కాలువలు, బోదెలు దాటి శివారు చేనుకు ఎంత చేరిందన్నది మరో లెక్క. మధ్యలో ఇంకింది, గండి పడి పోయింది, మురుగు కాలువలో కలిసి సముద్రానికి పోయింది తీసేస్తేనే రెండోది తేలుతుంది. డబ్బు విషయంలోనూ మనం చేసే పని అంతే.

ఈ లెక్కలకు ఒక పాత చరిత్ర ఉంది. అమెరికాలో 1971లో జాన్ కాఫ్రీ, హెర్బర్ట్ ఐజాక్స్ అనే ఇద్దరు కాలేజీ ఖర్చు, ఉద్యోగుల ఖర్చు, విద్యార్థుల ఖర్చు విడివిడిగా పట్టి స్థానిక ఆదాయంలోకి మార్చే సూత్రాలు రాశారు. అక్కడి కాలేజీలు ఆ సూత్రాలను పట్టుకుని దశాబ్దాల పాటు అంకెలు పెంచుకుంటూ పోయాయి. 2007లో సీగ్‌ఫ్రీడ్, శాండర్సన్, మెక్‌హెన్రీ అనే ఆర్థికవేత్తలు ఆ రిపోర్టులను పోగేసి చదివి, ఎక్కడెక్కడ దొర్లుతున్నారో జాబితా వేశారు: కాలేజీ లేకపోతే ఏమయ్యేదో ఆలోచించకపోవడం, "స్థానికం" అంటే ఏమిటో తమకు అనుకూలంగా గీసుకోవడం, పాత ఖర్చును కొత్తదిగా చూపడం, ఒకే రూపాయిని రెండుసార్లు కలపడం. జిరాక్స్ షాపాయన ఒక్క వాక్యంలో అడిగింది కూడా అదే.

ఆయకట్టు గీయండి

రెండో పని, ఏ ప్రాంతానికి లాభమో తేల్చుకోవడం. ఇక్కడే సగం లెక్క అయిపోతుంది.

తాడేపల్లిగూడెం తీసుకోండి. 2015లో వచ్చిన ఎన్ఐటీ అక్కడే ఉంది. ఆదికవి నన్నయ యూనివర్సిటీ క్యాంపస్ ఒకటి ఉంది. దగ్గర్లోని వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మీ ప్రాంతం అంటే ఊరు మాత్రమేనా? పశ్చిమ గోదావరి జిల్లానా? మొత్తం డెల్టానా? ఊరు మాత్రమే అంటే భీమవరం నుంచి వచ్చిన కుర్రాడు కూడా బయటివాడే, అతని డబ్బు కొత్త డబ్బే. కానీ ఊరు చిన్నది కాబట్టి వచ్చిన డబ్బు రెండు చేతులు మారేలోపే బయటికి జారిపోతుంది. మొత్తం డెల్టా అంటే జారిపోవడం తగ్గుతుంది, కానీ భీమవరం కుర్రాడు మనవాడైపోతాడు, అతని డబ్బు కొత్తది కాదు. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుంది. అందుకే గీత ముందే గీసి, ఎందుకలా గీశారో రాసి, మధ్యలో మార్చకండి. బయటివాళ్లను లెక్కపెట్టేటప్పుడు చిన్న గీత, చేతులు మారే డబ్బు లెక్కకు పెద్ద గీత వాడితే అది దొంగ లెక్క.

నా ఓటు రోజూ రాకపోకలు సాగే పరిధికి. రాజమహేంద్రవరం యూనివర్సిటీ లెక్కలో కొవ్వూరును వదిలేయడానికి లేదు. వంతెన దాటి రోజూ ఎంతమంది వస్తారో పొద్దున్నే బస్సులు చూస్తే తెలుస్తుంది. అదృష్టవశాత్తు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కొవ్వూరు కూడా తూర్పు గోదావరిలోకి వచ్చింది. అదే మార్పుతో ఒక చిక్కు కూడా వచ్చింది. అంతకుముందున్న రెండు గోదావరి జిల్లాల గణాంకాలనూ ఇప్పటి తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల అంకెలనూ పక్కపక్కన పెట్టి "పెరిగింది, తగ్గింది" అనకూడదు. పేరు అదే, నేల వేరు. పాత ఏళ్లతో పోల్చాలంటే మండలాలవారీగా కూడుకోవాల్సిందే.

ఇంకో గీత కూడా గీయాలి. యూనివర్సిటీ అంటే క్యాంపసా, అనుబంధ కాలేజీలన్నీ కలిపా? జేఎన్‌టీయూ కాకినాడకైనా, నన్నయకైనా అనుబంధ కాలేజీలు బోలెడు. వాటి జీతాలు, ఫీజులు యూనివర్సిటీ ఖాతాలో వేసుకుంటే అంకె ఆకాశానికి అంటుతుంది. క్యాంపస్ లెక్క వేరుగా, అనుబంధ కాలేజీల లెక్క వేరుగా ఉంచండి. ఒక్క సంగతి మాత్రం మరిచిపోవద్దు. కృష్ణా, గుంటూరు వైపు కాలేజీల నుంచి పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు కాకినాడకు వస్తాయి. అది నిజంగా బయటి నుంచి వచ్చిన డబ్బు, దాన్ని క్యాంపస్ లెక్కలోనే చూపాలి.

అడ్మిషన్ రిజిస్టర్లో పిన్ కోడ్ చూడండి

ఎవరు స్థానికులు, ఎవరు బయటివాళ్లు? పిల్లల్ని అడిగితే "మాది రాజమండ్రే సార్" అంటారు, తీరా చూస్తే రెండేళ్లుగా రూమ్ తీసుకుని ఉంటున్నవాడు. అడ్మిషన్ దరఖాస్తులో శాశ్వత చిరునామా పిన్ కోడ్ ఉంటుంది. పేర్లు, ఫోన్ నంబర్లు వద్దని ముందే చెప్పి, పిన్ కోడ్, కోర్సు, హాస్టలా కాదా అన్న మూడు గడులు మాత్రమే ఆఫీసు నుంచి అడగండి. పేర్లు అడగకపోతే వాళ్లూ తొందరగా ఇస్తారు.

పాత తూర్పు గోదావరి పిన్‌లు 533తోనూ, పశ్చిమ గోదావరివి 534తోనూ మొదలవుతాయి. సగం పని దీంతోనే అయిపోతుంది. అయితే కళ్లు మూసుకుని నమ్మకండి. రంపచోడవరం కూడా 533 లోనే ఉంది, అది ఏజెన్సీ, డెల్టా కాదు. యానాం పిన్ 533464, కానీ పాలన పుదుచ్చేరిది. కైకలూరు ఇప్పుడు ఏలూరు జిల్లా అయినా పిన్ ఇంకా 521 తోనే. ఇలాంటివాటిని ఒక్కొక్కటిగా చూసి, ఏది లోపల, ఏది బయట అని మీ గీత ప్రకారం పక్కన రాసుకోండి.

రిజిస్టర్ ఇవ్వకపోతే? ఎన్ఐఆర్ఎఫ్ (విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్)లో పాల్గొనే సంస్థలు తాము పంపిన వివరాలను వెబ్‌సైట్‌లో పెడతాయి. రాష్ట్రం లోపలి విద్యార్థులెందరు, బయటివాళ్లెందరు, జీతాలకు ఎంత, నిర్వహణకు ఎంత, భవనాలూ పరికరాలకు ఎంత ఖర్చు పెట్టారు, ఉద్యోగాలు వచ్చినవారి మధ్యస్థ జీతం (అందరినీ వరుసలో పెడితే సరిగ్గా నడిమివాడి జీతం) ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. జిల్లాల స్థాయి వివరం ఉండదు గానీ పని మొదలుపెట్టడానికి చాలు. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం ఎలాగూ ఉంది.

డబ్బు మూలం, డబ్బు దారి

సంస్థ ఖర్చును చూసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ రూపాయి ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది?

వచ్చినదాంట్లో కేంద్రం, రాష్ట్రం ఇచ్చిన గ్రాంటు, పరిశోధన ప్రాజెక్టుల డబ్బు, బయటి విద్యార్థుల ఫీజు, ఇందాక చెప్పిన అనుబంధ ఫీజులు కొత్త డబ్బు. స్థానిక విద్యార్థి కట్టిన ఫీజు, ఆ కుటుంబం ఎలాగూ ఈ ప్రాంతంలోనే ఖర్చు పెట్టుకునేది కాబట్టి, కొత్తది కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర వాదన వస్తుంది. ఖజానా నుంచి వచ్చింది కాబట్టి బయటి డబ్బే అనుకోవచ్చు. కానీ ఆ స్థానిక కుర్రాడు పక్క ఊరి కాలేజీలో చేరినా అదే రీయింబర్స్‌మెంట్ ఈ ప్రాంతానికే వచ్చేది. కనుక నేను బయటి విద్యార్థులకూ, ఈ కాలేజీ లేకపోతే ప్రాంతం దాటిపోయే స్థానికులకూ వచ్చినదాన్నే కొత్తదిగా రాస్తాను.

పోయినదాంట్లో జీతాలు పెద్ద పద్దు. ఉద్యోగి ఎక్కడ కాపురముంటున్నాడో చూడండి. శుక్రవారం సాయంత్రం విజయవాడ, విశాఖ రైళ్లెక్కి సోమవారం పొద్దున దిగే ప్రొఫెసర్లు ప్రతిచోటా ఉన్నారు. వాళ్ల జీతంలో ఇక్కడ మిగిలేది గది అద్దె, నాలుగు రోజుల భోజనం. పన్ను, పీఎఫ్ కోతలు కూడా తీసేయాలి.

కొనుగోళ్లకు బిల్లులు చూడండి. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ. 37 ఉన్నంత మాత్రాన మన జిల్లా కాదు, చిరునామా చదవాలి. చిరునామా మన ఊరిదే అయినా తొందరపడకండి. కాకినాడ షాపులో యాభై కంప్యూటర్లు కొంటే, ఆ బిల్లులో కాకినాడలో మిగిలేది షాపువాడి లాభం, కుర్రాళ్ల జీతం, షాపు అద్దె. కంప్యూటర్ ఖరీదు ఎక్కడికో పోయింది. అదే మెస్‌కు కొన్న బియ్యం, అరటికాయలు, పాలు, చేపలైతే బిల్లులో చాలా భాగం డెల్టాలోనే ఉండిపోతుంది. ఇంకో జాగ్రత్త: కొత్త బ్లాకు కట్టిన ఏడాది ఖర్చును ఏటా వచ్చే ఖర్చుతో కలపకండి. కట్టడం అయిపోయాక తాపీమేస్త్రి వెళ్లిపోతాడు.

విద్యార్థుల ఖర్చు సర్వే

మా మొదటి సర్వే సంక్రాంతి సెలవులయ్యాక వెంటనే చేశాం. చేయకూడని వారం ఏదైనా ఉందంటే అదే. బంధువులిచ్చిన డబ్బు, కొత్త బట్టలు, బండి పెట్రోలు అన్నీ కలిసి సగటు పేలిపోయింది. ఒక ఫారంలో "ఇతరములు" దగ్గర "పందెం, 5,000" అని నిజాయతీగా రాసి ఉంది. ఏ ఊళ్లో ఏ పందెమో నేను అడగలేదు, మీరూ అడగకండి.

ఏడాదిలో కనీసం రెండుసార్లు, పండగ, పరీక్ష, ఫీజు కట్టే నెల కాకుండా చూసి చేయండి. "నెలకు ఎంత ఖర్చవుతుంది?" అని అడిగితే అందరూ గుండ్రటి అంకె చెబుతారు. దానికంటే వారం రోజుల డైరీ నయం. ఇప్పుడు యూపీఐ వచ్చాక ఇంకా తేలిక. ఫోన్లో గత వారం చెల్లింపులు చూసుకుంటూ తామే గడులు నింపమనండి. ఫోన్ మీ చేతిలోకి తీసుకోవద్దు, స్క్రీన్‌షాట్లు అడగొద్దు. నగదు ఖర్చుకు వేరే గడి పెట్టండి, ఎందుకంటే ఆటో, టీ బండి దగ్గర ఇంకా చిల్లర ఆడుతూనే ఉంది.

విద్యార్థులను మూడు గుంపులు చేయండి: హాస్టల్, బయట రూమ్, ఇంటి నుంచి వచ్చేవాళ్లు. మూడింటి ఖర్చు పోలికే ఉండదు కాబట్టి ఒక్కో గుంపు నుంచి విడిగా మందిని తీసి, విడిగా సగటు కట్టి, గుంపు సైజును బట్టి కలపాలి. గుంపుకు వందకు తగ్గకుండా తీసుకోండి. లైబ్రరీ మెట్ల మీద దొరికినవాళ్లతో సరిపెట్టకుండా, రోల్ నంబర్లలో ప్రతి పదోదో ఇరవయ్యోదో తీయండి. ఇద్దరు ముగ్గురు మరీ ఎక్కువ రాస్తే సగటు లాగేస్తుంది, అందుకని మధ్యస్థం కూడా పక్కన చూసుకోండి.

ఖర్చు పద్దుల పక్కన ఇంకో గడి ఉండాలి: ఇందులో మనదెంత? మొబైల్ రీచార్జి దాదాపు అంతా బయటికే. పెట్రోలులో బంకు కమీషనే మనది. కర్రీ పాయింట్, టిఫిన్ బండి అయితే కూలీ, కూరగాయలు, అద్దె అన్నీ మన చుట్టుపక్కలే. గది అద్దె మొత్తం స్థానికమే అనుకుంటాం. కాని ఓనర్ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే అద్దె నెలనెలా అక్కడి ఖాతాకే. ఈ డెల్టాలో అది అరుదేమీ కాదు, అందుకే ఓనర్ ఎక్కడుంటారో ఫారంలో తప్పక అడగండి. హాస్టల్, మెస్ డబ్బు యూనివర్సిటీకే కడితే అది విద్యార్థి ఖర్చులో రాయకండి. సంస్థ కొనుగోళ్లలో ఒకసారి వచ్చేస్తుంది. మేం మునిగింది ఇక్కడే.

కాలేజీ లేకపోతే?

ఇప్పుడు కోత. సర్వేలోనే ఈ ప్రశ్న పెట్టండి: "ఈ సంస్థ లేకపోతే మీరు ఏం చేసేవారు?" జవాబులు నాలుగే: ఈ ప్రాంతంలోనే వేరే కాలేజీ, ప్రాంతం బయట కాలేజీ, చదువు మానేసి పని, తెలియదు.

ఇక్కడే వేరే కాలేజీలో చేరేవాళ్ల ఖర్చు తీసేయండి. భీమవరం లాంటి చోట ఇది చాలా ముఖ్యం. ఒక ఊళ్లో, ఊరి చుట్టూ అన్ని కాలేజీలు ఉన్నప్పుడు కొత్తది వస్తే పక్కదాని సీట్లు ఖాళీ అవుతాయి. ఒక గేటు ముందు బడ్డీకొట్టు పెరిగితే ఇంకో గేటు ముందు మూతపడుతుంది. స్థానికుడే అయినా, ఇది లేకపోతే విజయవాడకో హైదరాబాద్‌కో పోయేవాడినన్నవాడి ఖర్చు మాత్రం ఉంచండి. బయటికి పోవాల్సిన డబ్బును కాలేజీ ఆపింది. "తెలియదు" అన్నవాళ్లను సగం ఉంచడం, సగం తీసేయడం నా అలవాటు. తక్కువ అంచనాలో మొత్తం తీసేస్తాను.

ఒక ఊహా యూనివర్సిటీతో లెక్క వేద్దాం

అంకెలన్నీ ఉదాహరణ కోసం నేను పెట్టినవి, ఏ నిజమైన సంస్థవీ కావు.

విద్యార్థులు 6,000. బయటివాళ్లు 2,000. కాలేజీ లేకపోతే వెళ్లిపోయే స్థానికులు 1,000. మిగతా 3,000 మంది లెక్కలో లేరు. బయటివాళ్లు గది, తిండి, తిరుగుడు అన్నీ కలిపి నెలకు 9,000 చొప్పున 10 నెలలు పెడితే 18 కోట్లు. ఆగిపోయిన స్థానికులు ఇంట్లోనే ఉంటారు కాబట్టి నెలకు 4,000 వేస్తే 4 కోట్లు. మొత్తం 22 కోట్లు. అందులో ఇక్కడివాళ్ల ఆదాయంగా మారేది సగం అని సర్వేలో తేలిందనుకుందాం: 11 కోట్లు.

సంస్థ ఏటా జీతాలకు 40 కోట్లు, కొనుగోళ్లకు 10 కోట్లు పెడుతోంది. ఈ 50 కోట్లలో బయటి నుంచి వచ్చిన డబ్బు 30 కోట్లు. అదే నిష్పత్తిలో పంచితే జీతాలు 24, కొనుగోళ్లు 6. జీతాల్లో పన్నులు, కోతలు, వారాంతపు ప్రొఫెసర్లు పోగా ఇక్కడ కాపురమున్నవాళ్ల చేతికి వచ్చేది 18 కోట్లు. కొనుగోళ్లలో మనవాళ్ల కూలీ, లాభం, పంట కలిపి ఒకటిన్నర కోటి.

మొదటి దఫా ఆదాయం: 11, 18, 1.5 కలిపి 30.5 కోట్లు.

ఈ డబ్బు అందుకున్నవాళ్లు మళ్లీ ఖర్చు పెడతారు. ఒక రూపాయి ఆదాయంలో 30 పైసలు తిరిగి ఇక్కడే ఇంకొకరి ఆదాయమైతే, దాంట్లో మళ్లీ 30 శాతం, అలా తగ్గుతూ పోతుంది. ఇవన్నీ కలిపితే మొదటి రూపాయి ఎన్ని రెట్లవుతుందో అదే గుణకం. ఒకటిలోంచి 0.3 తీసేస్తే 0.7, ఒకటిని ఆ 0.7తో భాగిస్తే 1.43. లెక్క 43.6 కోట్లు. 20 పైసలే నిలిస్తే గుణకం 1.25, లెక్క 38.1 కోట్లు. 40 పైసలు నిలిస్తే 1.67, లెక్క 50.8 కోట్లు. కాబట్టి మన జవాబు 38 నుంచి 51 కోట్ల మధ్య.

ఇదే సంస్థకు ఘనమైన లెక్క వేసేవాళ్లు ఏం చేస్తారో చూడండి. 6,000 మందీ నెలకు 9,000 చొప్పున 54 కోట్లు, సంస్థ ఖర్చు 50 కోట్లు, మొత్తం 104 కోట్లు, ఎక్కడో చదివిన 2.5 గుణకంతో హెచ్చిస్తే 260 కోట్లు. పత్రికల్లో వచ్చేది సాధారణంగా ఇదే.

గుణకం అరువు తెచ్చుకోవద్దు. పెద్ద దేశానికో పెద్ద నగరానికో కట్టిన గుణకం చిన్న టౌన్‌కు సరిపడదు, ఎందుకంటే చిన్న టౌన్లో అమ్మే సరుకులో ఎక్కువ భాగం బయటే తయారవుతుంది. ముప్పై నలభై షాపులు తిరిగి, వంద రూపాయల అమ్మకంలో సరుకుకు ఎంత, కూలీకి ఎంత, అద్దెకు ఎంత, మిగిలేది ఎంత అని అడిగితే మీ ప్రాంతపు వాటా దాదాపుగా తెలుస్తుంది. మీ మీద ఇన్‌కమ్‌టాక్స్ అనుమానం రాకుండా మాత్రం చూసుకోండి. టర్నోవర్ ఎంత అని అడగకుండా, "వందకు ఎంత మిగులుద్దండీ?" అంటే చెబుతారు.

చివర్లో మీ అంకెను జిల్లా స్థూల ఉత్పత్తితో పోల్చాలనుకుంటే, పోల్చాల్సింది ఆదాయాన్నే, అమ్మకాలను కాదు. జిల్లా ఉత్పత్తి అంకెల్లో ఉండేది జోడించిన విలువ, అంటే అమ్మకంలోంచి కొన్న సరుకు ఖరీదు తీసేయగా మిగిలేది. అమ్మకాల మొత్తాన్ని దాని పక్కన పెడితే చెరుకు టన్నులనూ బెల్లం కేజీలనూ కూడినట్టే.

ఖర్చు లెక్కకు అందనిది

ఇంతవరకు చూసింది ఏటా తిరిగే డబ్బు. హాస్టల్ బదులు జైలు కట్టినా, మిలిటరీ క్యాంపు పెట్టినా ఇలాంటి లెక్క వేయొచ్చు. యూనివర్సిటీకి మాత్రమే ఉండేది చదువు, పరిశోధన. కొలవడం కష్టమని దీన్ని వదిలేస్తే అసలైనదాన్నే వదిలేసినట్టు.

మార్టేరు చూడండి. 1925లో మొదలైన వరి పరిశోధన స్థానం, ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడి ఉద్యోగుల జీతాలు, కొనుగోళ్లు లెక్కేస్తే ఒక మోస్తరు ఆఫీసు పాటి కూడా రావు. కానీ 1982లో అక్కడి నుంచి స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, విడుదలైంది. తర్వాత విజేత, కాటన్‌దొర సన్నాలు. ఎంటీయూ అన్న మూడక్షరాలే మార్టేరు. స్వర్ణ ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ దాకా పాకింది.

దీన్ని కొలిచే దారి ఇది: మీ గీత లోపల ఆ రకం వేసిన విస్తీర్ణం, ఎకరాకు పెరిగిన దిగుబడి, ధర మూడూ హెచ్చించి, అదనంగా అయిన ఎరువు, కోత ఖర్చు తీసేయాలి. పెరిగిన దిగుబడి అంటే పాత నాటు రకంతో పోల్చడం కాదు, స్వర్ణ లేకపోతే రైతు ఆ ఏడు వేసుండే ఇంకో మంచి రకంతో పోల్చాలి. తర్వాత ఘనత పంచాలి. స్వర్ణ వశిష్ఠ, మసూరి రకాల సంకరం. ఆ మసూరి మలేసియాలో విడుదలైన రకం. నీళ్లిచ్చింది 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, దాని తర్వాతి బ్యారేజీ. మొత్తం మార్టేరు ఖాతాలో రాస్తే మిగతావాళ్లకు అన్యాయం. ఇక గీత బయట పండిన స్వర్ణ? ప్రాంతం లెక్కలోకి రాదు. వేరే పేరాలో చెప్పండి, కూడికలో వేయకండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కోనసీమ కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ లాంటి పురుగులను జీవ నియంత్రణతో అదుపు చేసే పని చేస్తుంది. అక్కడ కొలవాల్సింది పెరిగిన దిగుబడి కాదు, తప్పిన నష్టం. పద్ధతి ఒకటే: చికిత్స చేసిన తోటలు, చేయని తోటలు, పోలిక.

పట్టభద్రుల విషయం ఇంకా చిక్కు. ఇంటర్ చదివినవాడికీ బీటెక్ చదివినవాడికీ జీతంలో తేడా కట్టి, ఎందరో అందరితో హెచ్చించడం మామూలు పద్ధతి. మన దగ్గర అది పనిచేయదు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1946 నుంచి ఇంజనీర్లను తయారుచేస్తోంది. వాళ్లు కట్టిన డ్యాములు, నడిపిన కంపెనీలు ఎక్కడున్నాయి? ఈ జిల్లాలో కొన్నే. గోదావరి పిల్లలు చదువైన మర్నాడే హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కుతారు. కాబట్టి పూర్వ విద్యార్థుల జాబితాలో ప్రస్తుత ఊరు చూసి, గీత లోపల నిలిచినవాళ్లకే జీతం తేడా కట్టండి. వెళ్లినవాళ్ల దగ్గర నుంచి ఇంటికి వచ్చే డబ్బు వేరే పద్దు. అందులోనూ ఆ కుర్రాడు వేరే కాలేజీలో చదివినా పంపేవాడే కదా అన్న కోత తప్పదు.

ప్రపంచ స్థాయిలో ఒక అంచనా ఉంది. వలేరో, వాన్ రీనెన్ అనే ఇద్దరు 78 దేశాల్లో దాదాపు 15,000 యూనివర్సిటీల వివరాలతో 2019లో చూపింది ఏమిటంటే, ఒక ప్రాంతంలో జనాభాకు యూనివర్సిటీల సంఖ్య 10 శాతం పెరిగితే తర్వాతి కాలంలో తలసరి ఉత్పత్తి 0.4 శాతం ఎక్కువగా కనిపిస్తోంది. విద్యార్థుల ఖర్చు ఒక్కదానితో ఈ తేడా రాదని కూడా వాళ్లు చూపారు. ఈ 0.4ను తీసుకెళ్లి మీ ఊరికి హెచ్చించకండి. మీ అంకె దాన్ని మించి ఎన్నో రెట్లు వస్తే మాత్రం ఎక్కడో తప్పు జరిగిందని అనుమానించండి.

నష్టం పద్దు

లాభం రాసి నష్టం రాయకపోతే అది ప్రకటన అవుతుంది. క్యాంపస్ కిందకు పోయిన భూమిలో పంట ఎంత వచ్చేది? రోడ్లు, చెత్త, తాగునీళ్లకు పంచాయతీ పెట్టే ఖర్చు ఎంత? అద్దెలు పెరిగితే ఓనరుకు లాభమే గానీ, అదే వీధిలో అద్దెకుంటున్న రోజుకూలీకి అది నష్టం. ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి వెళ్లింది ప్రాంతం లాభం కాదు. స్థానికులు అదనంగా కట్టే అద్దెను కూడికలో నుంచి తీసేసి, ఎవరి మీద పడిందో రాయండి.

రిపోర్టు బయటికి వెళ్లేముందు

మొదటి పేజీలో ఒక్క అంకె వేయకండి. తక్కువ, మధ్య, ఎక్కువ, మూడూ వేసి, ఏ ఊహ మారితే ఏది మారుతుందో కింద రాయండి. గీత ఏదో, ఏ ఏడాది ధరలో, ఎవరిని తీసేశారో అదే పేజీలో ఉండాలి. ఎక్సెల్ షీటులో ప్రతి ఊహకూ విడి గడి పెట్టి, సూత్రాలు దానికి కట్టండి. వచ్చే ఏడాది బ్యాచ్ ఆ గడులు మార్చి మళ్లీ నడుపుకుంటారు. లెక్క తీయమన్న సంస్థ పెద్దలు "ఇంతేనా?" అంటారు. మాకూ అన్నారు. పాత అంకె, కొత్త అంకె రెండూ పక్కన పెట్టి, ఏ పద్దులో ఎంత కోశామో చూపిస్తే కాసేపటికి ఒప్పుకున్నారు.

ఆఖరి పని: డ్రాఫ్టు పట్టుకుని గేటు ముందున్న నాలుగు షాపుల్లో కూర్చోండి. రెండోసారి నేను జిరాక్స్ షాపాయనకే ముందు చూపించాను. స్టేషనరీ వరుసలో మేం నూటికి నలభై స్థానికం అని వేశాం. కళ్లజోడు పెట్టుకుని చదివి, "పేపరు రీములు విజయవాడ నుంచి, టోనరు హైదరాబాద్ నుంచి వస్తాయండీ. కరెంటు బిల్లు, షాపు అద్దె, కుర్రాడి జీతం పోతే నాకు మిగిలేది పదిహేనుకి మించదు. ఆ ముగ్గురిలో కరెంటోళ్లు మనోళ్లు కాదు కదా" అన్నాడు. ఆ గడిలో నలభై కొట్టేసి ఇరవై ఎనిమిది వేశాం.